14 నెలల్లో నాలుగు ఆల్టర్నేటర్లు పోయాయి, అసలు తప్పు ఎక్కడుంది?

గోదావరి_జీపు
ఐదో ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) కొనే ముందు రోగమేంటో తెలుసుకుందామని రాస్తున్నానండి. పాత షార్ట్ ఛాసిస్ జీపు, బొలెరో డీఐ ఇంజిన్ ఎక్కించాం. బాడీ మొత్తం విప్పి, ఛాసిస్‌కి పాత రంగు గీకించి పౌడర్ కోటింగ్ వేయించాను. రెండంగుళాల లిఫ్ట్, 33 అంగుళాల టైర్లు, ముందు బంపర్లో ఇరుక్కున్న బండిని లాగే 9500 పౌండ్ల వించ్, పైన 180 వాట్ల ఎల్ఈడీ బార్, హెడ్‌లైట్లకి 100/90 వాట్ల బల్బులు. వాగుల్లో దిగేటప్పుడు ఆపుకోవచ్చని ఇంజిన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించాను. ఆల్టర్నేటర్ 65 ఆంపియర్లది. బ్రేక్ బూస్టర్‌కి (పెడల్ తేలిగ్గా పడేలా చేసేది) వాక్యూమ్ పంపు దాని వెనకే బిగించి ఉండే రకం.

మొదటిది మారేడుమిల్లి దగ్గర వాగు దాటిన మర్నాడు పోయింది. నీళ్లు దూరాయనుకున్నాం. రెండోది నాలుగు నెలలు, మూడోది ఆరు నెలలు వచ్చాయి. నాలుగోది రీవైండింగ్ చేయించినది, 19 రోజులు. ఆ 19 రోజుల్లో బండి నీళ్లలో దిగనే లేదు! కాకినాడ వెళ్లి రావడం, ఇంటి దగ్గర తిరగడం, అంతే. అందుకే నీళ్ల వల్ల అన్న మాట నమ్మబుద్ధి కావడం లేదు.

వించ్_వీరుడు
65 ఆంపియర్లతో ఇన్ని నడపాలంటే ఎలా బ్రో? 120 ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేసెయ్. సమస్య అక్కడితో అయిపోతుంది.

పాత_జిప్సీ
లోకల్ రీవైండింగ్ పెట్టొద్దు. డయోడ్ ప్లేట్ నాసిరకం వేస్తారు. కొత్తది బిల్లుతో కొను.

గోదావరి_జీపు
మొదటి రెండూ బిల్లుతో కొన్న కొత్తవే అండి.

డిపో_ఎలక్ట్రీషియన్
బాబూ, నాలుగు పోయాయన్నావు. వాటిలో ఏం పోయింది? జ్వరమొచ్చిందంటే ఏ జ్వరమని డాక్టరు అడగడా? ఆల్టర్నేటర్‌లో పోయేవి ఐదారే: డయోడ్లు (ఏసీని డీసీగా మార్చేవి), కార్బన్ బ్రష్‌లు, స్లిప్ రింగులు (ఈ రెండూ తిరిగే రోటర్‌కి కరెంటు అందించేవి), బేరింగ్, వైండింగ్, వోల్టేజీని అదుపు చేసే లోపలి రెగ్యులేటర్ (మన షెడ్డుల్లో కటౌట్ అంటారే, అది). ఒక్కోటి ఒక్కో కారణంతో పోతుంది. పాతవి ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశావా? ఇచ్చేసినా సరే, విప్పిన మేస్త్రీని అడుగు, గుర్తుంటుంది. ఆర్టీసీ డిపోలో 31 ఏళ్లు ఇదే పని చేశాను. ఏం పోయిందో చూడకుండా కొత్తది బిగించిన ప్రతి బస్సూ మళ్లీ మా దగ్గరికే వచ్చింది.

ఓరుగల్లు_ఆఫ్‌రోడ్
నాకు గిట్లనే అయింది అన్నా, రెండు పోయినయ్. మా దగ్గర బెల్టు మరీ గట్టిగ గుంజి బిగించిండు. బేరింగ్ అరిగి, లోపల తిరిగే రోటర్ పోయి చుట్టూ కదలకుండ ఉండే స్టేటర్‌కి రాసుకున్నది. బెల్టు మధ్యల బొటనవేలుతో ఒత్తితే ఒక సెంటీమీటర్ దాక దిగాలె. అంతకంటె గట్టిగున్నా ఇబ్బందే, వదులుగున్నా ఇబ్బందే.

గోదావరి_జీపు
మేస్త్రీని కలిశాను గురువుగారూ, ఆయన ఒక పుస్తకంలో రాసుకుంటాడు, అదృష్టం. మొదటిది డయోడ్లు. రెండోది బ్రష్‌లు, స్లిప్ రింగులు, లోపలంతా జిడ్డు. మూడోది బేరింగ్, ఓరుగల్లు అన్న చెప్పినట్టే రోటర్ రాసుకుంది. నాలుగోది మళ్లీ డయోడ్లు, మూడు కాలిపోయాయి.

12_13_పానా
లోపలంతా జిడ్డు అంటే వాక్యూమ్ పంపు ఆయిల్ సీల్ లీక్. పంపుకి ఇంజిన్ ఆయిలే వస్తుంది. సీల్ కారితే ఆ ఆయిల్ షాఫ్ట్ వెంబడి ఆల్టర్నేటర్‌లోకి దిగుతుంది. దానికి బ్రష్‌ల బొగ్గుపొడి తోడై పేస్టులా తయారై రింగుల మధ్య పట్టేస్తుంది. డీజిల్ బళ్లలో చాలా మామూలు. కొత్త సీల్, రబ్బరు ఓ-రింగ్ వేసుకో, ఆయిల్ వెనక్కి పోయే పైపు మడత పడిందేమో కూడా చూడు. ఆ పైపు మూసుకుపోతే కొత్త సీల్ కూడా కారుతుంది.

గోదావరి_జీపు
ఆ పైపు... బాడీ లిఫ్ట్ చేసినప్పుడు స్టీరింగ్ రాడ్‌కి తగులుతోందని పక్కకి తిప్పి కట్టారు. రేపు చూస్తాను.

అనంతగిరి_ట్రైల్
పంపు సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రకం బండిలో ఆల్టర్నేటర్ బెల్టు తెగితే చార్జింగ్ ఒక్కటే కాదు, వాక్యూమ్ కూడా పోతుంది. బూస్టర్లో మిగిలినదానితో రెండు మూడు సార్లు బ్రేక్ పడుతుంది, ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోతుంది. మీరు తిరిగేది మారేడుమిల్లి, చింతూరు ఘాట్. దిగుడులో చార్జింగ్ లైటు వెలిగితే ఎలాగూ డీజిల్ బండి, ఇంటిదాకా పోతుందిలే అనుకోకండి. గేరు తగ్గించుకుని పక్కకి ఆపి, బానెట్ ఎత్తి బెల్టు ఉందో లేదో చూసుకున్నాకే కదలండి. స్పేర్ బెల్టు లేకుండా ఘాట్ ఎక్కొద్దు.

ఓరుగల్లు_ఆఫ్‌రోడ్
ఇది నాకు తెల్వదు ఇప్పటిదాక. మా బండిది గదే ఇంజిన్. రేపే బెల్టు కొంటా.

ఎర్రమట్టి_సీమ
చార్జింగ్ అవుతాందో లేదో చూడాలంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూడప్పా. బండి ఆగకుంటే డైనమో బాగున్నట్టే. మా మామ ట్రాక్టర్లకు ఎప్పుడూ ఇట్లే చూస్తాడు.

డిపో_ఎలక్ట్రీషియన్
అది మాత్రం చేయొద్దు బాబూ, ఎవరూ చేయొద్దు. ఆ అలవాటు పాత డైనమో రోజులది. పైగా ట్రాక్టర్లలో ఉండే పాతరకం డీజిల్ ఇంజిన్‌కి నడవడానికి కరెంటే అక్కర్లేదు, టెర్మినల్ పీకినా నడుస్తూనే ఉంటుంది, దాన్ని బట్టి తెలిసేదేమీ లేదు. ఇప్పటి ఆల్టర్నేటర్‌లో రోటర్ అయస్కాంతాన్ని రెగ్యులేటర్ నడిపిస్తుంది. బ్యాటరీలోకి 40 ఆంపియర్లు పోతుండగా టెర్మినల్ పీకితే ఆ కరెంటుకి దారి ఉండదు. రోటర్‌లో అయస్కాంతం ఆ క్షణంలో తగ్గిపోదు, కొంచెం సమయం పడుతుంది. ఆలోగా వోల్టేజీ 70, 80 దాటి ఎగురుతుంది. ముందు డయోడ్లు పోతాయి, రెగ్యులేటర్ పోతుంది, అదృష్టం బాగోకపోతే స్టీరియో, ఎల్ఈడీ బార్ కూడా. బ్యాటరీ ఆ ఆల్టర్నేటర్‌కి తీసుకునేదే కాదు, కాపుకాసేది కూడా.

ఎర్రమట్టి_సీమ
ఇన్నేండ్లు ఏమీ కాలేదు మరి. సరేలెండి సార్, మామకు చెప్తా. వింటాడని నమ్మకం లేదు కానీ!

డిపో_ఎలక్ట్రీషియన్
ఇప్పుడు గోదావరి బాబు సంగతి. రెండు సార్లు డయోడ్లు పోయాయి, అందులో ఒకసారి నీళ్లు తగలకుండానే. అంటే బండి నడుస్తుండగా ఎవరో టెర్మినల్ పీకుతున్నట్టే ఏదో జరుగుతోంది. మూడు ప్రశ్నలు. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరుగుతోందా? ఛాసిస్ మీద వెల్డింగ్ ఏమైనా చేయించావా, చేయించినప్పుడు ఆల్టర్నేటర్ వైరు విప్పారా? ఈ మధ్య యాక్సిలరేటర్ కేబులు గానీ క్లచ్ కేబులు గానీ మార్చావా?

12_13_పానా
కేబులుకీ ఆల్టర్నేటర్‌కీ ఏంటి సంబంధం సార్?

డిపో_ఎలక్ట్రీషియన్
ముందు అతను చెప్పనీ.

గోదావరి_జీపు
గురువుగారూ, ఇది చదివి కాసేపు మాట రాలేదు. యాక్సిలరేటర్ కేబులు ఏడాదిలో రెండు సార్లు మార్చాను. పై ప్లాస్టిక్ కరిగిపోయి లోపలి తీగ పట్టేసింది. సైలెన్సర్ పైపు వేడికి అనుకున్నాం. సెల్ఫ్ కూడా మొదట్నుంచీ బరువుగానే తిరుగుతుంది. బ్యాటరీ బలహీనమని పెద్ద బ్యాటరీ వేశాను. వించ్ ప్లేటుకి వెల్డింగ్ ఒకసారి చేశారు, అది మొదటి ఆల్టర్నేటర్ పోకముందు. వైర్లు విప్పిన గుర్తు లేదు.

డిపో_ఎలక్ట్రీషియన్
దొరికింది. నీకు ఇంజిన్ ఎర్త్ లేదు బాబూ. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. బ్యాటరీ నెగటివ్ ఛాసిస్‌కి పోతుంది. ఛాసిస్ నుంచి ఇంజిన్‌కి జడలా అల్లిన రాగి స్ట్రాప్ ఒకటి ఉంటుంది. సెల్ఫ్ కరెంటు, ఆల్టర్నేటర్ కరెంటు అంతా దాని మీదుగానే తిరగాలి. మీవాళ్లు ఛాసిస్‌కి పౌడర్ కోటింగ్ వేయించి, ఆ స్ట్రాప్‌ని తెచ్చి రంగు మీదే బిగించి ఉంటారు. పౌడర్ కోటింగ్ కరెంటు పోనివ్వదు. ఏదో బోల్టు మరల దగ్గర కొంచెం అంటుకుంటే దాని మీదే నెట్టుకొస్తోంది. అది చాలక సెల్ఫ్ కొట్టినప్పుడు రెండు మూడొందల ఆంపియర్లు ఇంకో దారి వెతుక్కుంటాయి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య మిగిలిన ఇనుము ఏది? యాక్సిలరేటర్ కేబులు. అందుకే అది కాలింది.

గతుకుల్లో ఇంజిన్ ఊగినప్పుడల్లా ఆ కాస్త అంటు కూడా వదిలేస్తుంది. చార్జింగ్ అవుతుండగా బ్యాటరీ తెగినట్టే. డయోడ్లు ఎందుకు పోయాయో ఇప్పుడు ఆలోచించు.

వించ్_వీరుడు
చూడకుండానే తేల్చేశారు సార్! లోడ్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. వించ్ పూర్తి బరువు మీద 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఒక్క వించ్ చాలు 65 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌ని చంపడానికి.

డిపో_ఎలక్ట్రీషియన్
నువ్వన్న మాట తీసేయదగ్గది కాదు. చూడకుండా తేల్చకూడదన్నదీ నిజమే. మీటరుతో చూద్దాం. గోదావరి బాబూ, మల్టీమీటర్ ఉందా? ఇంజిన్ స్టార్ట్ చేసి కొంచెం రేస్‌లో పెట్టు, 1500 చుట్టూ. లైట్లు, ఎల్ఈడీ బార్, ఫ్యాన్ అన్నీ వేసెయ్. మీటరు డీసీ వోల్టుల్లో. ఒక మొన బ్యాటరీ నెగటివ్ సీసపు గుండు మీదే పెట్టు, క్లాంపు మీద కాదు. రెండో మొన ఆల్టర్నేటర్ ఒంటి మీద. 0.2 లోపు రావాలి. తర్వాత ఆల్టర్నేటర్ బి ప్లస్ బోల్టుకీ (కరెంటు బయటికొచ్చేది), బ్యాటరీ పాజిటివ్‌కీ మధ్య చూడు. అక్కడ 0.3 దాకా పర్వాలేదు. నాలుగోది కాలింది కాబట్టి, అప్పు తెచ్చైనా పనిచేసేది ఒకటి బిగించి చూడాలి.

పాత_జిప్సీ
మీటరు ఎట్లాగూ పెడుతున్నావు కదా, ఏసీ వోల్టుల్లో కూడా ఒకసారి బ్యాటరీ మీద చూడు. అర వోల్టు దాటి చూపిస్తే ఏదో డయోడ్ పోయినట్టు. డయోడ్ లీకైతే రాత్రంతా ఆపి ఉంచినా బ్యాటరీ దిగిపోతుంది. నా జిప్సీకి అదే జరిగింది. మూడు నెలలు హారన్ వైరింగ్ వెతికాం.

లివా_ఇసుక
అబుదాబి నుంచి. ఇక్కడ ఇసుకలో మా పని అంతా ఇదే. వించ్_వీరుడు అన్నకి ఒక మాట: వించ్‌కి కరెంటిచ్చేది బ్యాటరీ, ఆల్టర్నేటర్ కాదు. 400 ఆంపియర్లు రెండు నిమిషాలు లాగితే బ్యాటరీలోంచి 13 ఆంపియర్ అవర్లు పోతాయి. మిగతా లోడ్లు పోగా ఆల్టర్నేటర్ దగ్గర 25 మిగిలితే, అది నింపడానికి అరగంట పైన. అసలు చావు వించింగ్ అయ్యాక ఉంటుంది. ఖాళీ అయిన బ్యాటరీ, ఇంజిన్ ఐడిల్‌లో, గాలి తగలదు, ఆల్టర్నేటర్ తన శక్తంతా పెట్టి గంటసేపు తిరుగుతుంది. ఆ వేడికి వైండింగ్ వార్నిష్, డయోడ్లు రెండూ దెబ్బతింటాయి. ఇంకోటి: 65 ఆంపియర్లు అని రాసేది ఆల్టర్నేటర్ 6000 ఆర్‌పీఎమ్ మీద తిరిగినప్పటి లెక్క. ఐడిల్‌లో దానికి సగం కూడా రావచ్చు, రాకపోవచ్చు. మేం వించింగ్ అప్పుడు హ్యాండ్ థ్రాటిల్‌తో ఇంజిన్‌ని 1500 మీద ఉంచుతాం, లైట్ బార్ ఆపేస్తాం.

వించ్_వీరుడు
ఒప్పుకున్నా. కానీ మీరు చెప్పిన దాన్ని బట్టే పెద్ద ఆల్టర్నేటర్ కావాలిగా? బల్బులు 200 వాట్లు, బార్ 180, ఫ్యాన్ ఒక్కటే 18, 20 ఆంపియర్లు. రాత్రి ట్రైల్‌లో అన్నీ కలిపి 45 దాటింది. మిగిలేదేంటి?

12_13_పానా
ఒంటి వీ బెల్టు మీద 120 లాగితే జారుతుంది. జారుతోందని గట్టిగా బిగిస్తారు, బేరింగ్ పోతుంది. ఓరుగల్లు అన్న కథ మళ్లీ మొదలు. బి ప్లస్ వైరు కూడా పాతదే ఉంచితే కాలుతుంది. నా మాట ఆ 100/90 బల్బులు తీసి మామూలువి వేసి రిలే (బల్బుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చే స్విచ్) కట్టించుకోవడం. వైరింగ్ సరిగా ఉంటే మామూలు బల్బే చాలు.

అనంతగిరి_ట్రైల్
పక్క సంగతే అయినా అడుగుతున్నా, ఇంజిన్ మార్పు ఆర్‌సీలో ఎక్కించారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద అది తప్పనిసరి. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది అదే.

గోదావరి_జీపు
ఇంజిన్ ఎక్కించాంలెండి, ఆర్‌సీలో ఉంది.

ఇక అసలు కబురు. ఫ్రెండ్ దగ్గర ఆల్టర్నేటర్ ఒకటి తెచ్చి బిగించి ఇవాళ చూశాను. ఆల్టర్నేటర్ దగ్గర 14.3, బ్యాటరీ దగ్గర 12.7! పాజిటివ్ వైపు తేడా 0.2. నెగటివ్ వైపు 1.4. ఇంజిన్‌ని చేత్తో అటూ ఇటూ ఊపితే మీటరు 3 దాటి గెంతుతోంది. వెంటనే ఆపేశాను. తర్వాత జంపర్ కేబులు తీసుకుని ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ నెగటివ్‌కీ నేరుగా కట్టి మళ్లీ స్టార్ట్ చేశా. సెల్ఫ్ తిరిగిన తీరుకి మా నాన్నగారు ఇంట్లోంచి బయటికొచ్చి "బ్యాటరీ మార్చావా" అని అడిగారండి. బ్యాటరీ దగ్గర 14.0 వచ్చింది.

కిందకి దూరి స్ట్రాప్ విప్పాను. గురువుగారు చెప్పింది చెప్పినట్టే. కింద నల్లటి పౌడర్ కోటింగ్ నిగనిగలాడుతోంది, బోల్టు మరల దగ్గర రెండు చోట్ల మాత్రం కాలిన మచ్చలు.

ఓరుగల్లు_ఆఫ్‌రోడ్
అబ్బ! యాక్సిలరేటర్ కేబుల్ అడిగిండు చూడు... ఆ ప్రశ్నకు దండం పెట్టాలె సార్ మీకు.

డిపో_ఎలక్ట్రీషియన్
దండాలెందుకు బాబూ. మాకు డిపోలో ఇలాగే గేర్ రాడ్ కేబుల్ కాలిన బస్సొకటి వచ్చింది, దాని మీద నాలుగు రోజులు పోయాయి. అప్పట్నుంచి అడుగుతున్నా.

ఇప్పుడు చెయ్యాల్సింది. స్ట్రాప్ పెట్టే చోట ఛాసిస్ మీద రంగు మొత్తం గీకెయ్, ఇనుము మెరవాలి. ఇంజిన్ వైపు కూడా అంతే. రెండు పక్కలా పళ్లున్న వాషర్ వెయ్. బిగించాక పైనుంచి గ్రీజు గానీ రంగు గానీ పుయ్యి. ముందు పూస్తే మళ్లీ మొదటికే వస్తావు. పాత స్ట్రాప్ ఉంచుకుని, దానితో పాటు ఇంకోటి బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా ఇంజిన్ బ్లాక్‌కి, సెల్ఫ్ బోల్టు దగ్గరికి వెయ్. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి ఎంత లావు వైరు పోతోందో అంత లావుది. సన్నది వేస్తే వేయనట్టే. వించ్ నెగటివ్ కూడా ఛాసిస్‌కి కాకుండా బ్యాటరీకే పోవాలి.

ఇక రెండోది పోవడానికి పంపు ఆయిల్, మూడోది పోవడానికి బెల్టు. మూడు రోగాలు ఒకే చోట కనపడ్డాయి, అందుకే దొరకలేదు.

గోదావరి_జీపు
బెల్టు సంగతి ఇప్పుడు అర్థమైంది. బ్యాటరీ నిండడం లేదని మేస్త్రీ ప్రతిసారీ బెల్టు ఇంకాస్త బిగించేవాడు, జారుతోందేమో అని. పంపు పైపు కూడా మడత పడే ఉందండి, కొత్తది వేయించాను, సీల్ మార్చాను.

లివా_ఇసుక
ఆ నీళ్ల సంగతి కూడా వదిలేయొద్దు తమ్ముడూ. వేడిగా ఉన్న ఆల్టర్నేటర్ ఒక్కసారిగా వాగులో మునిగితే లోపలికి బురద పీలుస్తుంది. ఆరిపోయాక ఆ మట్టి బ్రష్‌లని సాన పట్టినట్టు అరగదీస్తుంది. దిగే ముందు పది నిమిషాలు ఆపి చల్లారనీ. ఇంటికొచ్చాక ఇంజిన్ ఆపి పైపు నీళ్లతో మెల్లగా కడుగు. సర్వీసింగ్ షెడ్లో ప్రెషర్ గన్ దాని మొహాన కొట్టనివ్వకు.

12_13_పానా
కింద నుంచి లారీ ట్యూబ్ ముక్క ఒకటి తెర లాగ కట్టుకో, టైర్ చిమ్మే బురద ఆగుతుంది. వెనక గాలి దారి మాత్రం మూయొద్దు.

గోదావరి_జీపు
మూడు వారాల తర్వాత రాస్తున్నానండి. కొత్త ఎర్త్ కేబులు, గీకిన ఛాసిస్, మామూలు బల్బులు. ఆల్టర్నేటర్ మాత్రం 65దే ఉంచాను. మొన్న ఆదివారం రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్లి, రెండు సార్లు వించ్ వాడి రాత్రికి వచ్చాను. నెగటివ్ వైపు తేడా 0.05. యాక్సిలరేటర్ కేబులు పట్టుకుని చూశాను, చల్లగా ఉంది. మేస్త్రీకి చూపిస్తే తన పుస్తకంలో నా బండి పేజీలో "ఎర్త్" అని రాసి కింద గీత గీశాడు.

వించ్_వీరుడు
సంతోషం బ్రో. నేను మాత్రం 90 ఆంపియర్లది వేయమనే అంటా, రెండు బెల్టుల పుల్లీతో.

గోదావరి_జీపు
డబ్బులు సమకూరాక చూద్దామన్నా. 14 నెలల్లో ఆ డబ్బంతా ఎటు పోయిందో తెలుసు కదా.

ఎర్రమట్టి_సీమ
మామకు చెప్పినా సార్. విన్నాడు. మీటరు కొనిమ్మన్నాడు.

ఓరుగల్లు_ఆఫ్‌రోడ్
నేను కూడ ఇప్పుడే బండి స్టార్ట్ చేసి చూసిన. నెగటివ్ దిక్కు 0.7 వస్తున్నది. ఎమరీ పేపర్ తీసుకున్న, కిందికి దూరుతున్న.